మంద ముందు నడిచే మనిషి

పోయిన వారం నా నోటి దురుసు నన్ను ఎక్కడ నిలబెట్టిందో చెబుతూ ఆపాను. ఆ భాగం చదవనివాళ్ళ కోసం మళ్ళీ నాలుగు ముక్కల్లో చెప్తాను. సొంత తప్పును రెండోసారి చెప్పుకోవడం ఎవరికి ఇష్టం, కానీ చెప్పక తప్పదు.

నా పేరు ఎలీషబా. పెద్దారవీడు మండలంలో ఒక పల్లె హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మా పదో తరగతిలో నాగజ్యోతి అని ఒక పిల్ల ఉంది. గొర్రెల అంకన్న కూతురు. ఎనిమిదో తరగతిలో నేను బోర్డు మీద లెక్క సగం వేసేసరికి మిగతా సగం తను నోటితో చెప్పేసేది. అలాంటి పిల్లకు ఈ ఏడు దసరా తర్వాత పెట్టిన పరీక్షలో నూటికి ఇరవై ఆరు వచ్చాయి. క్లాసులో నిద్ర, అడిగితే మౌనం. సెల్‌ఫోన్లో తుపాకులు పట్టుకుని పరుగెత్తే ఆట ఒకటి ఆడుతోందని, అందులో తనను కొట్టేవాళ్ళు లేరని తోటిపిల్లలు చెప్పారు. నాకు ఒళ్ళు మండింది. జనవరి చివర జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో, అందరూ చూస్తుండగా, అంకన్నతో అన్నాను. "ఈ పిల్లకు చదువెందుకు. గొర్రెల వెంట తోలుకొని పో, బుద్ధొస్తుంది."

తిట్టాను, అంతే. ఏ టీచరైనా తిట్టే తిట్టే అది. వారం తిరక్కముందే పిల్ల బడికి రావడం మానేసింది. ఇంటికి వెళ్తే చెవులు వినపడని అవ్వ ఒక్కతే వాకిట్లో కూర్చుని ఉంది. తల్లీ తండ్రీ పిల్లా ముగ్గురూ మందతో వెళ్ళిపోయారని చేత్తో కొండ వైపు చూపించింది.

పబ్లిక్ పరీక్షలకు అప్పటికి నలభై రోజులుంది. పదిలో వచ్చే మార్కులను బట్టే ట్రిపుల్ ఐటీలో సీటిస్తారు. మా బడి నుంచి ఇప్పటిదాకా ఒక్క ఆడపిల్ల కూడా అక్కడికి వెళ్ళలేదు. వెళ్తే నాగజ్యోతే వెళ్ళాలని రెండేళ్ళ కిందటే నేను మనసులో రాసిపెట్టుకున్నాను. మా హెడ్మాస్టరు నిత్యానందం సారు అంతా విని కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఒకే మాట అన్నాడు. "పంపింది మీరు. తీసుకురావల్సింది కూడా మీరే మేడం."

ఆ ఆదివారం నేను చర్చికి ఎగనామం పెట్టి స్కూటీ తీశాను.

మంద ఎక్కడ దిగిందో తెలుసుకోవడానికే రెండు గంటలు పట్టింది. పెద్దారవీడు దాటి కొండ దిక్కుగా మట్టిరోడ్డు పట్టి పోయాను. ఎదురొచ్చిన ప్రతి మనిషినీ అడిగాను. ఒకాయన పడమర అన్నాడు, ఒకావిడ నిన్ననే వెళ్ళిపోయారంది. చివరకు ట్రాక్టరు మీద కూర్చున్న ఒక పెద్దమనిషి, "అంకన్న మందా? అదిగో, మా పత్తిచేలోనే ఉంది పోమ్మా" అన్నాడు. మా వైపు రైతులు పైరు తీసేశాక గొర్రెల మందను రాత్రిళ్ళు చేలో పడుకోబెట్టించుకుంటారు. పెంట ఎరువుగా పడుతుంది, మందవాళ్ళకు గింజలు దొరుకుతాయి. స్కూటీని గట్టు మీద ఆపి, పత్తికట్టె మోళ్ళు కాళ్ళకు గుచ్చుకుంటుంటే తిట్టుకుంటూ నడిచాను. నా చెప్పులు బడికి సరిపోయే చెప్పులు, చేలకు పనికొచ్చేవి కావు.

చుట్టూ వల కట్టి ఉంది. లోపల నూట నలభై గొర్రెలు. గట్టు పక్కన మూడు రాళ్ళ పొయ్యి, మడిచిపెట్టిన గొంగళ్ళు, రెండు మూటలు ఉన్నాయి. అంకన్న నన్ను చూసి తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆయన భార్య బయ్యమ్మ ఒక గొర్రె కాలు ఒళ్ళో పెట్టుకుని గిట్టలో ముల్లు తీస్తోంది. తలెత్తి ఒకసారి చూసి, మళ్ళీ పనిలో పడింది.

"రాండి మేడం. ఇంత దూరం మీరు రావాల్నా. కబురు పంపితే నేనే వచ్చేటోణ్ణి గదా" అన్నాడు అంకన్న. గొంగడి దులిపి గట్టు మీద పరిచాడు.

నేను కూర్చోలేదు. "పిల్లేది?"

"నీళ్ళకు పోయింది. బోరు కాడికి. వచ్చేస్తాది."

"నలభై రోజుల్లో పరీక్షలు పెట్టుకుని పిల్లను బడి మాన్పిస్తావా అంకన్నా? కన్నతండ్రివేనా నువ్వు?"

ఆయన ముఖంలో కోపం వస్తుందనుకున్నాను. వాదిస్తాడనుకున్నాను. దారి పొడుగునా ఆ వాదనకు జవాబులు కూడబెట్టుకునే వచ్చాను. ఆయన మాత్రం అర్థంకాక నా ముఖంలోకి చూశాడు.

"మీరే గదా మేడం చెప్పినారు."

"ఏమని చెప్పాను?"

"గొర్లెంట తోలుకొని పో, బుద్ధొస్తాదని. మీటింగులో, అందరుండంగ చెప్పినారు. నేను ఇంటికి పోయి మా ఆడదానికి చెప్పినా. మేడం ఊరికే అనదు, చదువుకున్న మనిషి, ఆలోచించే చెప్పింటాది అన్నా. గొర్రెకు రోగమొస్తే పశువుల డాక్టరు ఏం చెప్తే అది చేస్తాం. మూడు దినాలు పచ్చిగడ్డి పెట్టొద్దంటే పెట్టం. పిల్లకు మీరే గదా డాక్టరు. దోర్నాల దాటి అడివి అంచుకు పోయినామంటే సిగ్నల్ ఉండదు. రెండు నెల్లు ఆ గాలి తగిలిందంటే ఫోను పిచ్చి తనంతట తానే వదులుతాది. మంచి దారి చూపించినారు మీరు. మా తమ్ముడు చెన్నయ్యకు గూడ చెప్పినా, మా మేడం ఇట్ల చెప్పిందని."

ఎత్తిపొడుపు ఏ మూలైనా ఉందేమోనని ఆయన గొంతులో వెతికాను. ఉంటే బాగుండేది, నాకూ ఒక మాట అనడానికి వీలుండేది. ఆ మనిషి నా మాటను మందుచీటీలాగా జేబులో పెట్టుకుని అచ్చం అలాగే అమలు చేశాడు. ఇరవై రెండేళ్ళ నా ఉద్యోగంలో, నేను చెప్పినది ఇంత శ్రద్ధగా పాటించిన తండ్రి మరొకడు లేడు. అదీ ఆ ఒక్క మాటను.

"అంకన్నా," అన్నాను, గొంతు తగ్గించి, "అది మందు కాదు. కోపంలో అన్నాను."

"అంటే?"

"తిట్టాను."

తలపాగా చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "తిట్టినారా" అని మెల్లగా అన్నాడు. ఆ తర్వాత కొండ వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆయన్ని అలా చూడలేక నేను గొంగడి మీద కూలబడ్డాను.

అప్పుడు బయ్యమ్మ మాట్లాడింది. ముల్లు బయటికి వచ్చింది. దాన్ని దూరంగా విసిరేసి, గొర్రెను వదిలి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నాకు తెలుసు మేడం అది తిట్టని."

అంకన్న గిరుక్కున తిరిగాడు. "తెలుసునా? మరి నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు పిల్లను ఇంట్లోనే ఇడిసిపెట్టి వచ్చేటోడివి" అంది బయ్యమ్మ. "నాకు పిల్ల నా పక్కన కావాల. మేడం తిట్టు నాకు పనికొచ్చింది. అందుకే నోరు మూసుకోని మూట కట్టినా."

నేను లెక్కల టీచర్ని. ఎదుటివాళ్ళు ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు వేస్తారో ముందే పసిగడతానని నాకు పొగరు. ఈవిడ నా తిట్టునూ, నా మీద మొగుడికున్న భక్తినీ రెండింటినీ వాడుకుని, ఎవరితోనూ గొడవ పడకుండా తను అనుకున్నది చేసింది. నాకు కోపం రావాలి. రాలేదు. లోపలెక్కడో మెచ్చుకోలు మొదలైంది.

"పక్కన పెట్టుకుంటే సరిపోతుందా బయ్యమ్మా? పిల్ల చదువు ఏమైపోవాలి? ఫోన్ వల్ల పాడైపోయింది కదా, ఆ ఫోన్ లాగేసుకుంటే సరిపోయేది."

"మీరు మార్కులు రాసుకునే పుస్తకం తెచ్చినారా?" అని అడిగింది ఆమె.

తెచ్చాను. అంకన్నను బెదిరించడానికే ఆ రిజిస్టరు బ్యాగులో పెట్టుకుని వచ్చాను. మూడేళ్ళవి మూడు తరగతుల మార్కులూ అందులో ఉన్నాయి.

"దాని మార్కులు తీయండి. నాకు చదివేది రాదు. నేను చెప్తా, మీరు అవునో కాదో చెప్పండి" అంది. "ఎనిమిదిలో శివరాత్రి దాకా బాగుంటాయి. ఆ పైన తగ్గింటాయి."

పేజీ తిప్పాను. నవంబరులో తొంభై రెండు. ఏప్రిల్లో డెబ్భై ఒకటి.

"అవును" అన్నాను.

"తొమ్మిదిలో గూడ అంతే. వానలు పడి బళ్ళు తెరిసినాక మంచిగుంటాయి, మళ్ళా శివరాత్రి దాటినాక పడిపోయింటాయి. ఇంకా ఎక్కువ పడింటాయి."

ఎనభై తొమ్మిది. తర్వాత అరవై మూడు.

"అవును."

"ఈ ఏడు దసరా కాడ్నించే పడిపోయినాయి, అవునా? మేడం, మేము ఏటా శివరాత్రికి ముందు మందను తోలుకోని పోతాం. ఊళ్ళో గడ్డి అయిపోతాది. వానలు పడినాక వస్తాం. ఈ ఏడు వానలు ఎత్తిపోయినాయి. దసరా అయిన వారానికే బేస్తవారిపేట దిక్కు పోయినాం. మూడు నెల్లు ఇంటి మొగం చూడలా. పిల్లకు తోడుగ అవ్వను పెట్టినాం. అవ్వకు చెవులు వినపడవు. పిల్ల బడి నుంచి వస్తే ఆ ఇంట్లో మాట్లాడేదానికి మనిషి లేదు. మేం ఫోను చేస్తే రెండు మాటలు, అంతలో గొర్లు పక్క చేలో పడతాండాయని పెట్టేస్తాం."

రిజిస్టరు నా ఒళ్ళో తెరిచే ఉంది. ఆ మార్కులు వేసింది నేను, కూడింది నేను, ఎర్ర సిరాతో గీత గీసింది నేను. మూడేళ్ళుగా వాళ్ళు మందతో పోయినప్పుడల్లా ఆ అంకెలు జారిపోతుంటే, ఆ నెలల్లో ఆ ఇంట్లో ఎవరున్నారని ఒక్కసారి కూడా అడగలేదు. అక్షరం ముక్క రాని మనిషి, ఆ పుస్తకం ముట్టుకోకుండానే దాన్ని చదివేసింది. ఆమె ముందు నాకు నా డిగ్రీలు చిన్నబోయాయి. నిజం చెప్పాలంటే కాస్త అసూయగా కూడా అనిపించింది.

"ఇదంతా నీకెలా తెలిసింది? పిల్ల చెప్పిందా?"

"అది యాడ చెప్తాది. పుష్యమాసంలో ఇంటికొచ్చి చూస్తే మొగం పీక్కుపోయింది. పలకరిస్తే కసురుకుంటాది. ఈయన ఫోను పగలగొడతానని రాయి ఎత్తినాడు. నేను ఆగమన్నా. దాని పక్కన కూర్చోని, నాకు గూడ నేర్పీవే ఆ ఆట అన్నా."

"నువ్వా? ఆడావా?"

"ఆడినా మేడం. తుపాకి పేల్చేది నాకు రాలా. వేలు యాటికో పోతాది. ఏం చేయాల్నో తెలీక పోయి పొదలో కూర్చున్నా. చిరుత తిరిగే తావున మంద దిగినప్పుడు ఎట్ల కూర్చుంటామో అట్ల. వాళ్ళు వాళ్ళు కాల్చుకోని సచ్చినారు. చివరాఖర్న చూస్తే నేనూ ఇంకొకడూ మిగిలినాం. వాడు నా పొద ముందర్నే నిలబడి, అటు చూసి ఇటు చూసి పోయినాడు."

అంత బాధలోనూ అంకన్న మీసాల కింద నవ్వాడు. "మీ అమ్మ ఎన్నేళ్ళ నుంచి ఆడతా ఉందని జ్యోతిని అడిగినారంట మేడం దానితో ఆడే పిల్లలు" అన్నాడు. ఆ గొంతులో గర్వం దాగలేదు. నాకూ నవ్వొచ్చింది. బయ్యమ్మ మాత్రం నవ్వలేదు.

"అది కాదు మేడం నేను చెప్పొచ్చేది. ఆడేటప్పుడు చెవులో మాటలు వినపడతాయి. దీనికి జతగాళ్ళు ముగ్గురు. ఒకడు కంభం పిల్లోడు. గొంతు ఇంకా ముదరలా. వాడు మొట్టమొదట ఏమడిగినాడో తెలుసునా? 'అక్కా, అన్నం తిన్నావా' అన్నాడు. ఇది 'తిన్నా లేరా, నువ్వు తిన్నావా' అనింది. తర్వాతనే ఆట మొదలుపెట్టినారు. రోజూ అంతేనంట." "నేను అడగాల్సిన మాట మేడం అది. మూడు నెల్లు నా బిడ్డను ఆ మాట అడిగినోడు, మొగం గూడ తెలియని ఆ కంభం పిల్లోడు ఒక్కడే."

నేను మూడు నెలలూ ఆ పిల్లను రోజూ చూశాను. హోంవర్క్ ఏదని అడిగాను. నిద్రేంటని అడిగాను. మార్కులేంటని నలుగురిలో నిలబెట్టి అడిగాను.

"ఫోను మంచిదని నేను అనడంల" అంది బయ్యమ్మ. "దాని కండ్లు పాడైనాయి, నిద్ర పాడైంది, చదువు పోయింది. నేను కాదనను. జొన్న కోసినాక మోళ్ళకు పిలకలొస్తాయి చూడండి, లేత పిలకలు, అవి గొర్రెకు విషం. కడుపు నిండిన గొర్రెను చేను పక్కనే తోలుకోని పోయినా దాని దిక్కు చూడదు. ఆకలితో ఉండేది మాత్రం మనం అరిసినా ఇనకుండ పోయి పడతాది. అప్పుడు గొర్రెను కొట్టి ఏం లాభం? ఆకలితో పెట్టింది ఎవురు?"

జిల్లాలో జరిగిన ట్రైనింగుల్లో పిల్లలూ సెల్‌ఫోన్లూ అనే విషయం మీద నేను ఎన్నో ఉపన్యాసాలు విన్నాను, రెండు సార్లు ఇచ్చాను కూడా. ఆ పత్తిచేలో, గొర్రె పెంట వాసన మధ్య విన్న ఈ నాలుగు మాటల ముందు అవన్నీ దండగ అనిపించింది.

అంతలో నాగజ్యోతి వచ్చింది. నెత్తిన బిందె, చేతిలో ప్లాస్టిక్ క్యాను. నన్ను చూసి గట్టు మీదే ఆగిపోయింది. బిందెలోంచి నీళ్ళు ఒలికి భుజం మీద పడుతున్నా దించలేదు. నేనే లేచి వెళ్ళి బిందె పట్టుకుని కింద పెట్టాను.

"జ్యోతీ, నిన్ను గొర్రెల వెంట పొమ్మన్నాను. ఆ మాట తప్పు. మీ నాయన ముందు, మీ అమ్మ ముందు చెప్తున్నాను, తప్పు. రేపు బడిలో అందరి ముందు కూడా చెప్తాను. నువ్వు మళ్ళీ రా."

పిల్ల కళ్ళు దించుకుంది. "మీరు తప్పేం అనలేదు మేడం. నాకు ఇరవై ఆరే గదా వచ్చినాయి."

"వచ్చాయి. నలభై రోజుల్లో నేను వాటిని తొంభై చేయిస్తాను. పొద్దున గంట, సాయంత్రం గంట. నా ఇంటికి రా, లేదంటే నేనే నీ ఇంటికి వస్తా, నీ ఇష్టం."

"నేను రాను మేడం."

మెత్తగానే చెప్పింది కానీ, ఆ మాటలో సందేహం లేదు.

"ఎందుకు రావు?"

"ఆరు దినాలైంది ఫోను ముట్టి. ఈడ అమ్మ పక్కన పడుకుంటున్నా. పండుకుంటానే నిద్ర పడతా ఉంది. ఇంటికి పోతే మళ్ళా అదే ఇల్లు మేడం. వద్దనుకుంటానే చేతిలోకి తీసుకుంటా. ఒక్కసారి ఆడి పెట్టేద్దామనుకుంటా. నా సంగతి నాకు తెలుసు." చున్నీ కొసతో మెడ తుడుచుకుంది. "మీరు ఎన్ని గంటలు చెప్పినా, మీరు పోయినాక నేను ఒక్కదాన్నే గదా."

పదిహేనేళ్ళ పిల్ల తన బలహీనతను ఇంత సూటిగా చెప్పడం నేనింతవరకు వినలేదు. మేం పెద్దవాళ్ళం కూడా చెప్పుకోలేం. బయ్యమ్మ వైపు చూశాను. ఆమె అప్పటికే నిర్ణయం తీసుకుని ఉంది.

"నేను ఇంటికొస్తా" అంది. "పరీక్షలు అయిపోయేదాకా ఇంట్లోనే ఉంటా. అప్పుడు వస్తావా?"

పిల్ల ముఖం ఒక్కసారిగా విచ్చుకుని, వెంటనే తండ్రి వైపు తిరిగి ముడుచుకుపోయింది.

"మంద?" అన్నాడు అంకన్న.

నాకు గొర్రెల సంగతి తెలియదు కాబట్టి, ఆయన నాకు విడమరిచి చెప్పాడు. మందకు ఇద్దరు కావాలి. ఒకరు ముందు నడవాలి, ఒకరు వెనక. వెనక నడిచేవాడు అదిలిస్తాడు, వెనకబడిన వాటిని తోలుతాడు. దానికి తమ్ముడు చెన్నయ్య వస్తాడు. కానీ ముందు నడిచేవాళ్ళ గొంతు వేరు. ఆ గొంతు వింటేనే మంద వెంట వస్తుంది. పద్దెనిమిదేళ్ళుగా ముందు నడిచేది బయ్యమ్మ. వెనక ఉండేది అంకన్న.

"నా గొంతు ఇంటే గొర్లు పారిపోతాయి మేడం. అదిలించే గొంతు గదా. ముందు నిలబడి నేను పిలిస్తే చెదిరిపోతాయి, ఒక్కటి రాదు" అన్నాడు. "ఊళ్ళో ఉందామంటే గడ్డిపోచ లేదు. ఈ చేలో గూడ రేపటికి అయిపోతాది. ఇంకో వారం ఆగితే ముసలి గొర్లు పడిపోతాయి. ఆమె ఇంటికి పోతే మంద కదలదు. మంద కదలకపోతే మాకు తిండి లేదు. నేను కాదంటలేను మేడం. ఎట్ల చేయాల్నో మీరే చెప్పండి. ఈసారి ఆలోచించి చెప్పండి."

ఆ చివరి మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. నేను ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. నాకు ఏమీ తోచలేదు.

నాగజ్యోతి మూట విప్పింది. బట్టల అడుగు నుంచి ఫోను తీసి ఆన్ చేసింది. ఆరు రోజుల తర్వాత దాన్ని చేతిలోకి తీసుకోవడం చూసి నేను ఒక అడుగు ముందుకు వేశాను. బయ్యమ్మ కూడా చూసింది, కానీ ఆపలేదు.

"అమ్మా, ఒకసారి పిలువు" అంది పిల్ల.

"ఎందుకే?"

"నీ పిలుపు ఫోన్లో రికార్డు చేసి పట్టుకుంటా. నాయన ముందు నడుస్తా ఇది పెడతాడు. నాయన బటన్ల ఫోన్లో శబ్దం కీచుమంటాది. ఇందులో అయితే నీ గొంతు నీ గొంతులెక్కనే వస్తాది. దీనికి సిగ్నల్ గూడ అక్కర్లేదు. ఛార్జింగ్ యాడన్నా మోటారు షెడ్డులో పెట్టుకోవచ్చు."

అంకన్న నోరు తెరిచి కూతురి వైపు చూశాడు. నేనూ అంతే. ఈ పిల్లను చదువుకు పనికిరాదన్న నోరు నాది.

పిల్ల ఫోను పైకి పట్టుకుంది, మళ్ళీ దించింది. ఫోన్లో జాగా లేదట. ఏదో ఒకటి తీసేస్తే కానీ గొంతు పట్టదట. ఏది తీసేయాలో మాకెవరికీ చెప్పాల్సిన పని లేదు. పిల్ల బొటనవేలు తెర మీద కాసేపు అలాగే ఉంది. తర్వాత ఫోను నోటి దగ్గర పెట్టుకుని మెసేజీ ఒకటి పలికింది. "తమ్ముడూ, నేను పరీక్షలయ్యేదాకా రాను. నువ్వు గూడ ఆపేసి చదువుకో. టైముకు అన్నం తిను." అది కంభం చేరిందని చూసుకున్నాక, ఆటను తీసేసింది. ముక్కు ఎగబీల్చింది. ఎవరి వైపూ చూడలేదు.

"ఇప్పుడు పిలువమ్మా."

బయ్యమ్మ లేచి నిలబడి, తల కొంచెం వెనక్కి వంచి పిలిచింది. నాలుక కొసన గిరగిరా తిరిగి, చివర సాగి, మెత్తగా దిగిపోయే కేక. నూట నలభై తలలు ఒక్కసారి లేచాయి. మంద మొత్తం మా వైపు తోసుకొచ్చి వలకు ఆనుకుంది, వల కట్టిన గూటాలు ఊగాయి. ఒక మనిషి గొంతును అంతమంది అంతలా నమ్మడం నేను ఏ క్లాసులోనూ చూడలేదు.

ఇక పరీక్ష పెట్టాలి. అంకన్న ఫోను పట్టుకుని చేను దాటి కొండ దారిలో నూరడుగులు ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. బయ్యమ్మను పిల్ల చెయ్యి పట్టుకుని ఇవతల గట్టు మీదికి, నా పక్కకు తీసుకొచ్చింది. "నువ్వు మాట్లాడకూడదమ్మా. దగ్గకూడదు గూడ" అంది. బయ్యమ్మ కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్ల పరుగెత్తుకుంటూ పోయి వల విప్పి, మళ్ళీ వచ్చి తల్లి పక్కన నిలబడింది.

దూరంగా అంకన్న ఫోను పైకెత్తాడు. బయ్యమ్మ కేక కొండ దారిలో వినిపించింది.

అన్నిటికంటే ముందు బొల్లి తలెత్తింది. ముఖం మీద తెల్లమచ్చ ఉన్న ముసలి గొర్రె అది. మంద దాని వెంటే పోతుందని పిల్ల నాకు గుసగుసగా చెప్పింది. బొల్లి చెవులు రిక్కించి రెండడుగులు వేసింది. అంకన్న మళ్ళీ పెట్టాడు. బొల్లి నడిచింది. దాని వెనక పది, వాటి వెనక యాభై, తర్వాత చేనంతా కదిలింది. దుమ్ము లేచింది. నేను చూస్తూనే ఉన్నాను, అంకన్న వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ పోతున్నాడు, మంద ఆ ఫోను వెంట పోతోంది. నాగజ్యోతి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. నోరు విప్పకుండానే నవ్వుతోంది.

బయ్యమ్మ నవ్వడం లేదు. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి తన మంద తనను వదిలి, తన గొంతు వెంటే వెళ్ళిపోతుంటే చూస్తోంది. కళ్ళ నిండా నీళ్ళు.

దారి మలుపు దగ్గర బొల్లి ఆగింది.

ఎందుకు ఆగిందో తెలియదు, గాలి మా వైపు నుంచి అటు తిరిగిందేమో. అది మెల్లగా వెనక్కి తిరిగి, మంద మీదుగా సూటిగా గట్టు వైపు చూసింది. ఒకసారి అరిచింది. దాంతో మంద మొత్తం ఆగిపోయింది. అంకన్న ఫోను మళ్ళీ పెట్టాడు. ఇంకోసారి పెట్టాడు. ఆ కేక అటు నుంచి వస్తూనే ఉంది. బొల్లి మాత్రం ఇటే చూస్తూ మళ్ళీ అరిచింది.

బయ్యమ్మ ఇక్కడి నుంచి ఒక్క కేక వేస్తే చాలు, నూట నలభై గొర్రెలూ ఉరుక్కుంటూ ఆమె కాళ్ళ దగ్గరికి వచ్చేస్తాయి. ఆ తర్వాత అడవి దారిన ఆమే ముందు నడవాలి, పిల్ల బడికి రాదు. నాగజ్యోతి గొర్రెల వైపు చూడటం లేదు. తల్లి నోటి వైపే చూస్తోంది.

బొల్లి మూడోసారి అరిచింది. బయ్యమ్మ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసింది.